‘పెద్దమనిషి’ చేతి అధికారం: అనంతపురం నేపథ్యంలో తెలుగు రాజకీయ చిత్రాల పునఃపరిశీలన

రాయలసీమను, రాజకీయాధికారాన్ని కలిపి చూపిన సినిమాలు ఏవని అడిగితే విమర్శకులు సాధారణంగా 1990ల చివరినుంచి మొదలుపెడతారు. వేటకొడవలి, నాటుబాంబు, తగలబడే జీపు ఈ వర్గీకరణకు ఆనవాళ్లు. అధికారాన్ని ఆయుధంతో గుర్తించే ఈ పద్ధతివల్ల అనంతపురం జిల్లావాడే తీసిన ఒక ముఖ్యమైన చిత్రం ఈ చర్చలో చోటు కోల్పోయింది. అది కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘పెద్దమనుషులు’ (1954). అధికారం దేనిమీద నిలబడుతుందన్న ప్రశ్నను ప్రమాణంగా తీసుకుంటే, తర్వాతి ఫ్యాక్షన్ చిత్రాలను అర్థం చేసుకోవడానికి కూడా ఈ చిత్రమే ఆధారమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

కదిరి వెంకటరెడ్డి 1912లో తాడిపత్రి ప్రాంతంలో జన్మించాడు. వాహినీ సంస్థ వెనుక ఉన్న పెట్టుబడిలో ప్రధాన భాగం తాడిపత్రి వర్తకుడు మూలా నారాయణస్వామిది. బి.ఎన్. రెడ్డి పులివెందుల ప్రాంతంవాడు. తెలుగు సినిమా తొలి దశలో సీమ పాత్ర తెరమీద కంటె తెర వెనుకే ఎక్కువ. ‘పెద్దమనుషులు’ కథాస్థలం సీమ అని చిత్రంలో ఎక్కడా లేదు. సంభాషణలు రాసిన డి.వి. నరసరాజు గుంటూరు ప్రాంతంవాడు. కనుక ఇది అనంతపురాన్ని చిత్రించిన సినిమా అనడం సాహసమే అవుతుంది. ఇక్కడ పరిశీలిస్తున్నది స్థలాన్ని కాదు, అధికార స్వరూపాన్ని.

చిత్రానికి మూలం ఇబ్సెన్ 1877లో రాసిన ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ నాటకం. అందులో బెర్నిక్ ఓడల వ్యాపారి. రైలుమార్గం రాబోయే చోట భూములు రహస్యంగా కొంటాడు; తన తప్పును మరొకరి నెత్తిన వేసి పరువు నిలుపుకుంటాడు. ‘పెద్దమనుషులు’లో ఆ స్థానంలోకి వచ్చిన ధర్మారావు మునిసిపల్ చైర్మన్. ఈ మార్పు చిన్నది కాదు. బెర్నిక్ బలం సొంత పెట్టుబడి; ధర్మారావు బలం జనం ఇచ్చిన పదవి, జనం పెట్టుకున్న నమ్మకం. జంధ్యాల గౌరీనాథశాస్త్రి ఆ పాత్రను గొంతు పెంచకుండా, ఒక నిండుదనంతో పోషించాడు. ఆయన పక్కన ఉన్న సిద్ధాంతికి (లింగమూర్తి) శాస్త్రం కూడా ఆ పెద్దరికానికి కాపలా. ఎవరి చేతిలోనూ కత్తి కనిపించనవసరం లేదు.

‘స్తంభం’ అన్న మాటను ‘పెద్దమనిషి’గా మార్చడంలోనే అనుసరణ సగం పూర్తయింది. పెద్దమనిషి అంటే మర్యాదస్తుడు మాత్రమే కాదు. తగువు తీర్చేవాడు, మధ్యవర్తి, పంచాయితీ చెప్పేవాడు. చట్టం చేరని చోట ఆయన మాటే తీర్పు. చిత్రం విడుదలైన రెండేళ్లకు, 1956 ఫిబ్రవరిలో, ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన ఒడంబడిక కూడా తెలుగులో ‘పెద్దమనుషుల ఒప్పందం’గానే స్థిరపడింది. దానిమీద సంతకం చేసినవారిలో అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి ఒకడు. 1952 ఎన్నికల్లో అదే సంజీవరెడ్డిని అనంతపురంలో ఆయన బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి ఓడించాడు. పెద్దరికాన్ని ఓటుతో ప్రశ్నించవచ్చని జనం అప్పుడప్పుడే తెలుసుకుంటున్నారు. 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మునిసిపల్ చైర్మన్‌ను దోషిగా చూపిన చిత్రం మరుసటి ఏడాది రావడాన్నీ, ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజతపతకం పొందడాన్నీ ఈ వాతావరణంనుంచి విడదీయలేం.

చిత్రంలో అధికారానికి ఎదురుగా నిలిచేది నాయకుడు కాడు, పిచ్చివాడు. రేలంగి ధరించిన తిక్క శంకరయ్య ఊరిపెద్దల బండారం ఎరిగినవాడు. అతని కోసం కొసరాజు రాసిన పాటలు తత్వాల బాణీలో సాగుతాయి. వినేవారికి అవి మొదట వేదాంతంగా తోస్తాయి, నవ్వు తగ్గాక ఊరి సంగతులుగా అర్థమవుతాయి. నిజాన్ని పిచ్చిమాటగానో, వైరాగ్యంగానో మరుగుపరచి చెప్పడం మనకు పాతదే. వీరబ్రహ్మం పేరిట పాడే తత్వాలు, వేమన పద్యాలు ఆ పని చేశాయి. వేమన సమాధి ఉన్న కటారుపల్లె కదిరికి దగ్గరే. దర్శకుని ఇంటిపేరూ కదిరే. ఈ పొంతననుంచి ప్రభావాన్ని నిరూపించబూనడం పరిశోధన కాదు. కొసరాజు అప్పికట్లవాడు, ఆయనకు ఈ బాణీ వేరే దారిన అందింది. ఇబ్సెన్ నాటకంలో లేని ఒక గొంతును తెలుగు సంప్రదాయం సమకూర్చిందన్నంతవరకు చెప్పవచ్చు. ఇబ్సెన్‌లో బెర్నిక్ తానే జనం ముందు తప్పు ఒప్పుకుంటాడు. తెలుగు ప్రేక్షకుడు మాత్రం పెద్దమనిషి ఒప్పుకోలు కోసం ఆగనక్కరలేదు, శంకరయ్య ముందే పాడేశాడు.

‘సమరసింహారెడ్డి’ (1999) తరువాత వచ్చిన వరుసలో ఈ గొంతు వినిపించదు. ఆ చిత్రాల్లో అధికారం వంశానికి, ప్రతీకారానికి కుదించుకుపోయింది. రామ్‌గోపాల్‌వర్మ ‘రక్తచరిత్ర’ (2010) నేరుగా అనంతపురంనుంచే కథ తీసుకుంది. 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురైన పరిటాల రవీంద్ర జీవితం దానికి ఆధారం. హత్యల క్రమాన్ని ఆ చిత్రం ఒడుపుగా చూపింది. అయితే సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానపడే నేలమీద నీటిని, పనిని, కాంట్రాక్టును ఎవరు పంచుతారన్న సంగతి ఆ వేగంలో అంచుకు జరిగింది. ఫ్యాక్షన్ ఊరిమీద పట్టుకోసం మొదలై కాంట్రాక్టుల దాకా విస్తరించిందని కె. బాలగోపాల్ రాశాడు. ఆ వివరణలోని ఫ్యాక్షన్ నాయకుడు కొడవలి పట్టకముందు పంచాయితీ చెప్పినవాడే. అంటే ధర్మారావుకు దూరపువాడు కాడు. ‘రక్తచరిత్ర’లో ప్రతాప్ రవి చుట్టూ అనుచరులున్నారు, శత్రువులున్నారు, వీధిలో నిలబడి పెద్దల సంగతి పాడే శంకరయ్య లేడు. కథ చెప్పే బాధ్యతంతా తెర వెనుకనుంచి వినిపించే వ్యాఖ్యాత గొంతు తీసుకుంది.