ఆర్కిటిక్ యాత్రలు – స్థానిక ఆహారం: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ఆర్కిటిక్ యాత్రలలో స్కర్వీ వ్యాధి ప్రధాన సమస్య కావడానికి కారణాలను వివరించగలరు.
• ఇన్యూట్ ప్రజల ఆహారం పట్ల యూరోపియన్ యాత్రికుల వైఖరులను పోల్చగలరు.
• మౌఖిక సాక్ష్యాన్ని చరిత్రకారుడు ఎలా పరిశీలించాలో చెప్పగలరు.

1. పరిచయం

నేడు గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌కు వెళ్ళిన యాత్రికుడు సీల్ మాంసంతో చేసిన సుయాసాట్ అనే సూపును రుచి చూడవచ్చు. తిమింగలం చర్మాన్ని దాని కింది కొవ్వుతో కలిపి కోసిన మత్తాక్ ముక్కలను కూడా తినవచ్చు. నచ్చకపోతే పక్కన పెట్టి మరొకటి తెప్పించుకుంటాడు. పందొమ్మిదో శతాబ్దపు యాత్రికుడికి ఈ వెసులుబాటు లేదు. స్థానికుల తిండి తినాలా, వద్దా అన్నది అతనికి ప్రాణంతో ముడిపడిన ప్రశ్న. ఆర్కిటిక్ అన్వేషణ చరిత్రను సాధారణంగా ఓడలు, పటాలు, సాహసాల చరిత్రగా చెబుతారు. ఈ భాగంలో దానిని ఆహార చరిత్రగా పరిశీలిద్దాం.

2. స్కర్వీ సమస్య

శరీరానికి విటమిన్ సి అందనప్పుడు వచ్చే వ్యాధి స్కర్వీ. చిగుళ్ళ నుండి రక్తం కారుతుంది, పాత గాయాలు తిరగబెడతాయి, మనిషి నీరసించి చివరకు మరణిస్తాడు. నారింజ, నిమ్మ పండ్లు దీనిని నయం చేస్తాయని జేమ్స్ లిండ్ 1747లో ఓడలో చేసిన ప్రయోగం చూపింది. 1795 నుండి బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం పంచసాగింది. అయితే నిల్వ ఉన్నకొద్దీ ఆ రసంలోని శక్తి తగ్గిపోతుంది. ఉప్పులో ఊరవేసిన మాంసం, బిస్కెట్లు, ఎక్కువసేపు ఉడికించి రేకు డబ్బాలలో మూసిన మాంసం ఆ లోటును తీర్చలేవు.

చెట్లు, తోటలు లేని మంచు ప్రాంతంలో ఇన్యూట్లు తరతరాలుగా స్కర్వీ లేకుండా ఎలా జీవించారు? దీనికి సమాధానం వారి భోజనంలోనే ఉంది. సీల్, కారిబూ మాంసాన్ని వారు పచ్చిగానో, గడ్డకట్టిన స్థితిలోనో, కొద్దిగా ఉడికించో తినేవారు. పచ్చి కాలేయంలోనూ, తిమింగలం చర్మంలోనూ విటమిన్ సి ఉంటుంది. అతిగా వేడి చేయకపోవడం వల్ల అది నశించదు. విటమిన్ అన్న మాట పుట్టక ముందే ఈ జ్ఞానం వారి వంటలో ఉంది.

ఏది తినకూడదో తెలియడం కూడా ఈ జ్ఞానంలో భాగమే. 1596–97 శీతాకాలంలో నోవాయా జెమ్ల్యా దీవిలో చిక్కుకున్న డచ్ నావికుడు విలెం బారెంట్స్ బృందం ధ్రువపు ఎలుగుబంటి కాలేయాన్ని తిని తీవ్ర అస్వస్థతకు గురైంది. కొందరికి చర్మం ఊడిపోయింది. అందులో విటమిన్ ఎ ప్రమాదకర స్థాయిలో ఉంటుందని శాస్త్రవేత్తలు ఇరవయ్యో శతాబ్దంలో తేల్చారు. ఇన్యూట్లు ఆ కాలేయాన్ని ముట్టరు.

3. రెండు వైఖరులు

జాన్ రాస్ 1829–33 మధ్య బూథియా ప్రాంతంలో నాలుగు శీతాకాలాలు గడిపాడు. అక్కడి నెట్సిలిక్ ఇన్యూట్లతో స్నేహం చేసి, వారి నుండి చేపలు, మాంసం సంపాదించాడు. చలి దేశాలలో కొవ్వు, నూనె ఎక్కువగా తినడం అవసరమని గ్రహించాడు. ఓడను వదులుకోవలసి వచ్చినా అతని బృందంలో అత్యధికులు ప్రాణాలతో తిరిగివచ్చారు.

1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ ‘ఎరెబస్’, ‘టెర్రర్’ అనే రెండు ఓడలలో బయలుదేరాడు. మూడేళ్ళకు సరిపడా సామగ్రి, వేలాది మాంసపు డబ్బాలు, నిమ్మరసం వెంట ఉన్నాయి. 1846 సెప్టెంబరులో ఓడలు కింగ్ విలియం దీవి సమీపంలో మంచులో ఇరుక్కున్నాయి. 1847 జూన్‌లో ఫ్రాంక్లిన్ మరణించాడు. 1848 ఏప్రిల్‌లో మిగిలిన 105 మంది ఓడలను వదిలి దక్షిణానికి నడిచారు. యాత్రకు వెళ్ళిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆకలి, చలి, వ్యాధులు, డబ్బాల సీసం – వీటిలో దేని పాత్ర ఎంత అన్నదానిపై చరిత్రకారుల మధ్య నేటికీ చర్చ సాగుతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇన్యూట్లలా తిని ఉంటే అందరూ బతికేవారని సూత్రీకరించడం తొందరపాటు అవుతుంది. ఆ నేల చిన్న చిన్న వేట కుటుంబాలను పోషించగలదే గాని, వేట రాని వందమందిని ఒకేచోట పోషించలేదు. స్థానిక ఆహారమంటే పదార్థం మాత్రమే కాదు. వేట నైపుణ్యం, బృందం పరిమాణం, పంచుకునే ఆచారం కూడా.

ఓర్క్నీకి చెందిన వైద్యుడు జాన్ రే దీనిని అర్థం చేసుకున్నాడు. 1846–47లో చిన్న బృందంతో, ప్రధానంగా వేటాడిన మాంసంపై ఆధారపడి శీతాకాలం గడిపాడు. నార్వే యాత్రికుడు రోల్డ్ అముండ్‌సెన్ ఏడుగురు సభ్యుల ‘యోవా’ ఓడతో 1903 నుండి రెండు శీతాకాలాలు కింగ్ విలియం దీవిలోనే ఉండి, నెట్సిలిక్‌ల వద్ద దుస్తులు, కుక్కల బండ్లు, ఆహారం గురించి నేర్చుకున్నాడు. ఫ్రాంక్లిన్ మనుషులు నశించిన తీరమది.

4. ఎవరి మాట సాక్ష్యం?

ఫ్రాంక్లిన్ మనుషులు ఆకలితో మరణించారనీ, చివరి దశలో తోటివారి శవాలను తిన్నారనీ ఇన్యూట్లు చెప్పిన సంగతిని జాన్ రే 1854లో నివేదించాడు. లండన్‌లో దుమారం లేచింది. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన పత్రికలో ఇన్యూట్ల మాటను కొట్టిపారేశాడు. నాగరికులు అలా చేయరనీ, ‘అనాగరికుల’ కథలు నమ్మదగినవి కావనీ అతని వాదన. తరువాతి కాలంలో దొరికిన ఎముకలపై కత్తి గాట్లు ఇన్యూట్ల కథనాన్ని బలపరిచాయి. 2014లో ‘ఎరెబస్’ శిథిలాలు కూడా వారి మౌఖిక సంప్రదాయం సూచించిన ప్రాంతంలోనే లభించాయి.

ఈ రెండు తిరస్కారాల మూలం ఒకటే. ఒక జాతి తిండిని హీనంగా చూసిన దృష్టే, ఆ జాతి మాటనూ హీనంగా చూసింది. రే పేరుకూ దీనివల్ల నష్టం జరిగింది. సమకాలీన అన్వేషకులలో ఎందరికో దక్కిన ‘సర్’ బిరుదు అతనికి దక్కలేదు.

ప్రయోగశాల చెప్పిన తరువాతే లోకం నమ్మింది. 1928లో అన్వేషకుడు స్టెఫాన్సన్, అతని సహచరుడు న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో ఏడాదిపాటు మాంసాహారం మాత్రమే తినే ప్రయోగం ప్రారంభించారు. ఇద్దరికీ స్కర్వీ రాలేదు. కొవ్వు లేని మాంసం మాత్రమే ఇచ్చినప్పుడు స్టెఫాన్సన్ జబ్బుపడి, కొవ్వు చేర్చగానే కోలుకున్నాడు. ఇన్యూట్లకు తెలిసిన విషయమే ఆసుపత్రి రికార్డులకెక్కింది.

5. సారాంశం

ఆర్కిటిక్ యాత్రల జయాపజయాలలో ఆహారానికి ముఖ్యపాత్ర ఉంది. స్థానికుల జ్ఞానాన్ని గౌరవించిన చిన్న బృందాలు ఎక్కువగా నిలదొక్కుకున్నాయి. ఈ సంఘర్షణ నేటికీ ముగియలేదు. 2009లో యూరోపియన్ యూనియన్ సీల్ ఉత్పత్తుల వ్యాపారాన్ని నిషేధించినప్పుడు ఇన్యూట్ల వేటకు మినహాయింపు ఇచ్చినా, తమ మార్కెట్ దెబ్బతిన్నదని వారు వాదించారు. ఒక ప్రజ తినే తిండిని ‘విచిత్రం’ అని వర్ణించే ఆధారం కనబడినప్పుడు, అది ఆ తిండి గురించి కంటే రాసినవారి గురించే ఎక్కువ చెబుతుందని చరిత్ర విద్యార్థి గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డబ్బాల ఆహారం స్కర్వీని ఎందుకు నివారించలేకపోయింది?
2. జాన్ రాస్, ఫ్రాంక్లిన్ యాత్రలను ఆహార దృష్టితో పోల్చండి.
3. 1854 నాటి జాన్ రే నివేదికపై వచ్చిన విమర్శను, తరువాత లభించిన ఆధారాల వెలుగులో చర్చించండి.