ఐదారు కోసుల కల్లు సీమ

పాశ్చాత్య దేశాలలో ద్రాక్షతోటల నడుమ, పాత పల్లెల గుండా కాలినడకన సాగే యాత్రలకు మహా గౌరవం. ఫ్రాన్సులోని బుర్గుండీ, ఇటలీలోని టస్కనీ వంటి సీమలలో మద్యం పేరు చెప్పగానే ఊరి పేరు, ఊరి పేరు చెప్పగానే అక్కడి చర్చి గోపురం, దాని వెనుక నాలుగైదు శతాబ్దాల చరిత్ర వరుసగా నడిచి వస్తాయి. మన భాగ్యనగరం చుట్టూ అటువంటి సీమ ఒకటి ఉండేదని, దానిని గ్రంథస్థం చేసినవాడు సాక్షాత్తూ ఒక ఫ్రెంచివాడేనని చెబితే మిత్రులు కొందరు నవ్వవచ్చు. అయినా చెబుతాను.

ఆయన జీన్ బాప్టిస్ట్ తావెర్నియే, రత్నాల వర్తకుడు. 17వ శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండకు పలుమార్లు వచ్చాడు. 1676లో అచ్చయిన ఆయన యాత్రా గ్రంథంలో వజ్రాల గనుల వర్ణన అందరికీ తెలిసినదే. ఆ పక్కనే నగరంలోని వారకాంతల గురించి రాస్తూ, సాయంకాలం చల్లబడే వేళకు తెరుచుకునే కల్లు దుకాణాల ప్రస్తావన తెచ్చాడు. ‘తారి’ అనే ఆ పానీయం ఒక చెట్టు నుంచి వస్తుందనీ, తమ దేశపు కొత్త ద్రాక్షమద్యంలా తియ్యగా ఉంటుందనీ అన్నాడు. ఐదారు కోసుల దూరం నుంచి తోలుతిత్తులలో, గుర్రానికి అటొకటి ఇటొకటిగా వేసుకుని, వడివడిగా తోలుకువస్తారట. రోజుకు అటువంటి గుర్రాలు ఐదారువందలు నగరంలో ప్రవేశిస్తాయట. దానిపై పన్ను రాజుగారికి పెద్ద ఆదాయమనీ, వారకాంతలను అంతమందిని ఉండనిచ్చినది కూడా వారి వల్ల కల్లు ఎక్కువ చెల్లుతుందనే అనీ ఆ వర్తకుడు ఏ మొగమాటమూ లేకుండా రాసేశాడు.

గుర్రాన్ని పరుగెత్తించవలసిన అవసరమేమిటి? చెట్టు మీద ఉన్నంతసేపూ రసం తియ్యనిది. లొట్టిలో పడిన క్షణం నుంచే గాలిలోని, కుండలోని సూక్ష్మజీవులు దానిలోని చక్కెరను పట్టుకుంటాయి. తెల్లవారుజామున దించినది తీపి, పొద్దెక్కేకొద్దీ నురగ, సాయంత్రానికి పులుపు, మర్నాటికి కాడి. ద్రాక్షమద్యం ఏళ్ళు గడిచినకొద్దీ విలువ పెంచుకుంటే కల్లు గంటలు గడిచినకొద్దీ పోగొట్టుకుంటుంది. కాబట్టి ఆ ఐదారు కోసులు తావెర్నియే నోటికి వచ్చిన అంకె కాదు. అది పులుపు గీసిన గిరి. కోసు కొలత ప్రాంతానికొక తీరుగా ఉండేది. సుమారు రెండు మైళ్ళని వేసుకుంటే పది పన్నెండు మైళ్ళు. చార్మినారు దగ్గర కొన పెట్టి అంత వ్యాసార్ధంతో వృత్తం గీయండి. దక్షిణాన జల్‌పల్లి, పహాడీ షరీఫ్, మామిడిపల్లి, శంషాబాదు అందులో పడతాయి.

పదాలకు కూడా ఒక నడక ఉంటుంది. సంస్కృతంలో తాళం. ఉత్తరాది భాషలలో అది తాడ్, దాని రసం తాడీ. ఆ తాడీనే ఆంగ్లేయులు ‘టాడీ’ చేసుకున్నారు. తెలుగులో తాడిచెట్టు. విభక్తి చేరితే తాటి. ఔపవిభక్తికానికి ఉదాహరణగా దీనిని ఎన్ని తరగతులలో చెప్పి ఉంటానో! మీరాలం చెరువుకు సమీపాన పాతబస్తీలో తాడ్‌బన్ అనే పేట ఉన్నది. బన్ అంటే వనం. తాళవనమన్నమాట. నేను వెళ్ళినప్పుడు ఇనుప సామాన్ల కొట్లు కనిపించాయి గాని తాడి ఒక్కటీ కనబడలేదు.

మా పండిత వర్గానికి ఈ చెట్టంటే మొదటినుంచీ చిన్నచూపు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారనే సామెతను నీతి పాఠంగా చెప్పాము తప్ప ఆ చెట్టెక్కేవాడి సంగతి చెప్పలేదు. ద్రాక్ష మాత్రం మాకు పూజ్యం. కదళీపాకం, నారికేళపాకం అని వర్గీకరించి, అన్నిటికన్న సులభమైనది ద్రాక్షాపాకమని నేర్పాము. నేర్పిన గురువులలో ద్రాక్షపందిరిని కళ్ళతో చూసినవారు ఎందరో సందేహమే. ద్రాక్షారామం పేరు విని అక్కడ ద్రాక్షతోటలుండేవా అని అడిగిన విద్యార్థులున్నారు. అది దక్షుడి ఆరామం, దక్షారామం. నాలుక తిరగక ద్రాక్ష అయింది.

హైదరాబాదు ద్రాక్ష నిజానికి ఆధునికమైనది. అనాబ్-ఎ-షాహీ దాని పేరు. అనబ్ అరబ్బీలో ద్రాక్ష, షాహీ ఫార్సీలో రాచది. లేత ఆకుపచ్చ రంగు, పెద్ద గింజ, బరువైన గుత్తి. 20వ శతాబ్దంలో నగరం చుట్టూ, ముఖ్యంగా రంగారెడ్డి జిల్లాలో, ఎకరాల కొద్దీ రాతి కడీలు పాతి, తీగలు లాగి, పందిళ్ళు వేశారు. రాజేంద్రనగరులో ద్రాక్ష పరిశోధన కేంద్రం వెలసింది. ఐరోపాలో చలికి ఆకు రాల్చి తీగ నిద్రపోతుంది. మన దగ్గర దానికి నిద్ర లేదు. అందుకని వేసవిలో ఒకసారి కొమ్మకోసం, శీతాకాలపు ముఖాన ఇంకొకసారి కాపుకోసం కత్తిరిస్తారు. అయితే ఇది తినే పండే గాని మద్యానికి పేరుపడ్డది కాదు. గోల్కొండ పేరుతో ఒక ఎర్రని ద్రాక్షమద్యం అంగళ్ళలో దొరికేది గాని ఊళ్ళకు అది పేరు తేలేదు. (ఏ మందు అమ్మినా మన దుకాణాల మీద ‘వైన్స్’ అనే రాస్తారు. ఇది భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం.) బోరుబావులు ఎండటం, కూలి పెరగటం, తెగుళ్ళు, అన్నిటికీ మించి భూమి ధర – ఇవి కలిసి పందిళ్ళను మింగాయి. 2008లో శంషాబాదులో విమానాశ్రయం తెరిచాక గజం లెక్కన అమ్ముడుపోయే నేలలో గుత్తుల లెక్క ఎవరికి కావాలి?

ఈ సీమను కాళ్ళతో కొలవాలని నిరుడు మార్గశిరంలో ఇద్దరు మిత్రులతో జల్‌పల్లి చెరువు కట్ట నుంచి బయలుదేరాను. చెరువు నీటి మీద గుర్రపుడెక్క పరుచుకుని ఉన్నది. కట్ట దాటితే గోదాములు, రేకుల షెడ్లు, ప్లాట్ల హద్దురాళ్ళు. ఒకచోట హద్దుగా నిలబెట్టినవి పాత ద్రాక్షపందిరి కడీలే. తీగ బిగించిన రంధ్రాలు ఇంకా ఉన్నాయి. పహాడీ షరీఫ్ గుట్టమీద 13వ శతాబ్దపు సూఫీ బాబా షర్ఫుద్దీన్ దర్గా. కుతుబ్‌షాహీలు రాకముందే, చార్మినారు పుట్టకముందే ఈ గుట్ట యాత్రాస్థలం. మెట్లెక్కి చూస్తే పడమట విమానాలు దిగుతున్నాయి, దక్షిణాన శ్రీశైలం దారి సాగిపోతున్నది. గుట్ట దిగాక రోడ్డుపక్క చాయ్ కొట్టు దగ్గర ఒక వృద్ధ గౌడు కలిశాడు. ఈ చుట్టుపక్కల కల్లు దొరుకుతుందా పెద్దాయనా అని అడిగితే, “చెట్టే లేదు గద సారూ, కల్లేడికెల్లి వస్తది?” అన్నాడు. మోకు, ముస్తాదు అటక మీద ఉన్నాయట. కొడుకు ఆటో నడుపుతాడట.

చెట్లు ఊరకే పోలేదు. రాజ్యం ఆ చెట్టు నెత్తిన కూర్చున్న తీరులో ఈ కథ ఉన్నది. గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమైంది. ఆ తరువాతి కల్లోలంలో గౌడ కులంలో పుట్టిన సర్వాయి పాపన్న కోటలు కట్టి, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టాడు. 1710లో మొగలులు ఆయనను చంపించారు. ఫార్సీ చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయనను దొంగగా రాస్తే, పాటలు కట్టుకున్న జనం వీరుడిగా దాచుకున్నారు. 1874లో బాయిల్ అనే ఆంగ్లేయుడు ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో తెలుగు వీరగాథల గురించి రాస్తూ ఆయన పాటను లోకానికి చూపాడు. పాఠ్యపుస్తకాలలో మాత్రం నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన కనబడలేదు.

నిజాముల కాలానికి ఆబ్కారీ ఖజానాకు మూలస్తంభాలలో ఒకటి. ఈత కల్లును ‘సేంది’ అనేవారు. చెట్టుకింత అని ‘చెట్టు రకం’ కట్టాలి. ఈ ఆదాయాన్ని దెబ్బతీయటానికే 1947లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహులు ఈత, తాడి చెట్లను నరికారు. స్వాతంత్ర్య సమర చరిత్రలలో దీనిని గర్వంగా రాసుకున్నాము. నాకు ఆ ఉద్యమంపై గౌరవమే. కాని తాడిచెట్టు గీతకు రావటానికి పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది. గొడ్డలిపెట్టు నిజాముకు ఒక సంవత్సరపు పన్ను, గీసేవాడికి ఒక తరం. ఆ రెండో లెక్క ఏ గ్రంథంలోనూ నాకు కనబడలేదు.

2004లో నగరంలో కల్లు దుకాణాలు మూతపడ్డాయి, 2014లో తెలంగాణ ఏర్పడ్డాక మళ్ళీ తెరుచుకున్నాయి. చెట్లు లేని నగరానికి కల్లు కావలసివస్తే ఏమవుతుందో 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో చూశాము. కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలు విడిచారు. మత్తుకోసం కల్లులో కలిపే మందుల పేర్లు, క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం, ఇప్పుడు పత్రికలు చదివేవారందరికీ కంఠస్థం.

2023 మేలో నెక్లెస్ రోడ్డు పక్కన ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. నీరా అంటే పులియని రసం. తెల్లవారకముందే దించి, పులుపు అందుకోకుండా చల్లగా ఉంచి నగరానికి తేవాలి. గుర్రాల పని ఇప్పుడు మంచుగడ్డ చేస్తున్నది. గ్లాసు తెప్పించుకుని రుచి చూశాను. తావెర్నియే అన్నట్టు తియ్యగానే ఉన్నది.