మార్కాపురం పలక మీద మహమ్మారి లెక్క

మార్కాపురం అనగానే పలకలే గుర్తొస్తాయి కదా! అందుకే ఇవాళ ఒక పలక పట్టుకుని కూర్చున్నా.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. మా వీధిలో పలకల పనికి పోయేవాళ్లంతా ఇంట్లోనే. అప్పుడు మా నాయన అడిగాడు: "జబ్బు సంగతి సరే, కూలి సంగతేంది? ఇట్టా మూసేస్తే తగ్గుద్దని లెక్కేసిందెవరు రా?"

ఆ లెక్కకు మూలం మన దగ్గరే ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఇక్కడిదాకా బడి పుస్తకంలో చదివాం. కానీ ఊళ్లో దోమలన్నిటినీ చంపడం అయ్యే పనేనా? అక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే చాలు, జబ్బు తనంతట తనే ఆరిపోతుందని రాస్ 1911 నాటి పుస్తకంలో సమీకరణాలతో చూపించాడు.

రాస్‌తో కలిసి సియెర్రా లియోన్‌లో మలేరియా మీద పనిచేసిన మెకెండ్రిక్, ఇండియాలో డాక్టరుగా చేశాడు. ఆయన 1927లో కెర్మాక్‌తో కలిసి జనాన్ని మూడు గుంపులు చేశాడు: జబ్బు రాగలవాళ్లు, వచ్చినవాళ్లు, అందులోంచి బయటపడినవాళ్లు. దాన్ని సరిచూసుకుంది 1905-06 బొంబాయి ప్లేగు మరణాలతో.

ఇప్పుడు పలక చూడండి. ఒకరి నుంచి ఇద్దరికి అంటుకుంటే పదో అంచెలో కొత్తగా 1,024 మంది. మాస్కు, దూరం వల్ల అది ఒకటిన్నరకు తగ్గితే? దాదాపు 58 మందే! ఒకటి కంటే తగ్గితే జబ్బు వెనక్కి పోతుంది. రాస్ చెప్పిన హద్దు ఇదే.

ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ విద్యాసాగర్ నాయకత్వంలోని కమిటీ 2020 అక్టోబరులో తన లెక్క చెప్పింది. లాక్‌డౌన్ లేకపోతే జూన్‌కల్లా లక్షణాలున్న కేసులు ఒకేసారి 1 కోటి 40 లక్షలు దాటేవట. జాగ్రత్తలు పాటిస్తే 2021 ఫిబ్రవరికి జబ్బు దాదాపు అదుపులోకి వస్తుందని కూడా అంది. ఆ తర్వాత డెల్టా వచ్చింది, ఏప్రిల్, మే నెలల్లో ఏం జరిగిందో మనందరం చూశాం.

అంటే లెక్క అబద్ధమా? కాదు. అది జాతకం కాదు, "ఇలా ఉంటే అలా అవుతుంది" అని చెప్పేది. వైరస్ మారినా, మనం మారినా పలక తుడిచి మళ్లీ రాసుకోవాల్సిందే.

మరి నాయన అడిగిన కూలి? ఆ మూడు గుంపుల్లో దానికి గడి లేదు. ఎన్ని ప్రాణాలు మిగులుతాయో సమీకరణం చెబుతుంది. ఆ ఖర్చు ఎవరి పొయ్యి మీద పడుతుందో మనమే అడగాలి, పాలించేవాళ్లు రాసుకోవాలి. పలకకు రెండో వైపు ఉండేది అందుకే.