అనితా బ్లేక్ నవలలు: పిల్లలకు ఇచ్చే ముందు

పదో క్లాసు చదివే మా అమ్మాయి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం మీద అనిత పేరు చూసి, మన తెలుగమ్మాయి కథేమో అనుకున్నాను. తీరా చూస్తే వాంపైర్లను, అంటే రక్తపిశాచాలను వేటాడే అమెరికన్ యువతి!

లారెల్ కె. హామిల్టన్ రాసిన ఈ సీరీస్‌లో మొదటి నవల ‘గిల్టీ ప్లెజర్స్’ 1993లో వచ్చింది. కథ మిస్సోరీలోని సెయింట్ లూయిస్‌లో జరుగుతుంది. అక్కడ వాంపైర్లకూ చట్టం హక్కులిచ్చింది. కోర్టు ఆర్డరు లేకుండా చంపితే హత్యే. అనిత రోజువారీ ఉద్యోగం శవాలను లేపడం. వీలునామా తగాదా వస్తే పోయినవాళ్లనే అడుగుతారన్నమాట! ఆమె చదివింది బయాలజీ. బీఎస్సీ చదివి ఇంటిపట్టున ఉన్న నాకు అది భలే నచ్చింది.

మెక్సికన్ మూలాలున్న తల్లి ఆమెకు ఎనిమిదేళ్లప్పుడే పోయింది. సవతి తల్లి ఇంట్లో నల్లజుట్టు పిల్ల తనొక్కతే. అక్కడ మా అమ్మాయి, “నా క్లాసులో నేనూ అంతేనమ్మా” అంది. ఆ మాట అంతకుముందెప్పుడూ నాతో అనలేదు.

అయితే ఇవి పెద్దల పుస్తకాలు. మొదటినుంచీ రక్తపాతం ఉంది. పదో నవల ‘నార్సిసస్ ఇన్ చెయిన్స్’ (2001) నుంచి శృంగారం బాగా ఎక్కువ. మేం మొదటి మూడూ కలిసి చదివాం. మిగతావి పెద్దయ్యాక అన్నాను, ఎందుకో కూడా చెప్పాను. మీరూ ముందు చదివి ఇవ్వండి.