చేయి కుదిరే క్రమం: ఆదోని – ఎమ్మిగనూరు ప్రాంతపు చర్మవాద్యాలు

ఆంధ్ర రాష్ట్రం అవతరించిన 1953 అక్టోబరు 1 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగం. ఎమ్మిగనూరు ఆనాడు ఆ తాలూకాలోని ఊరే. జిల్లా మారినా ఇక్కడి వాద్యాలు పాత సంబంధాన్ని వదులుకోలేదు. కురుబలు బీరప్ప కొలువులో మోగించే డోలు కన్నడ సీమతో ఉమ్మడి సంపద. పీర్ల పండుగనాటి తప్పెట రాయలసీమ అంతటికీ చెందినది. వీటిపై వచ్చిన రచనలు ప్రదర్శనను, సందర్భాన్ని, కులవృత్తిని వివరించాయి. వాదకుని చేయి ఏ క్రమంలో కుదురుతుందన్న ప్రశ్నను మాత్రం తరచు ‘పుట్టుకతో వచ్చిన విద్య’ అనే మాటతో దాటవేశాయి. ఆ మాట ప్రశంసలా వినిపిస్తుంది గాని, నిజానికి అది శ్రమను లెక్కలోనుంచి తీసివేయడమే.

చేతిని విభజించి చూడటం మన శాస్త్రానికి కొత్త కాదు. నాట్యశాస్త్రం పుష్కరవాద్యాలకు పదహారు అక్షరాలను, సమపాణి, అర్ధపాణి, అర్ధార్ధపాణి, పార్శ్వపాణి, ప్రదేశిని అనే ఐదు విధాల హస్తప్రహారాలను చెప్పింది. అరచేయి మొత్తం పడటం వేరు, సగం పడటం వేరు, చూపుడు వేలు ఒక్కటే పడటం వేరు. అయితే ఇది దెబ్బల వర్గీకరణే గాని, ముందు ఏది, తరువాత ఏది అని చెప్పే పాఠక్రమం కాదు.

సాధనకు సంబంధించిన అరుదైన సాక్ష్యం ఆదోనికి పడమటనున్న విజయనగరంలో దొరుకుతుంది. 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్, రాజస్త్రీలు నాట్యం అభ్యసించే శాలను వర్ణించాడు. నాట్యం ముగింపులో నిలవవలసిన భంగిమలు అక్కడి శిల్పాలలో ఉండేవి. మరచినవారు వాటిని చూసి గుర్తు తెచ్చుకునేవారు. పట్టుకొని ఒళ్లు సాగదీసేందుకు వేరే చోటు కూడా ఉండేది. ఆ నాట్యానికి మద్దెల వాయించినవారు ఏ శిల్పాన్ని చూసి నేర్చుకున్నారో పయస్ చెప్పలేదు.

క్రమబద్ధమైన పాఠంగా నిలిచినది మృదంగాభ్యాసం. ‘త ధి తొం నం’ అనే నాలుగు అక్షరాలతో అది మొదలవుతుంది. ‘తొం’ ఎడమచేతిది, ‘నం’ పలకాలంటే కుడిచేతి ఉంగరపు వేలిని ఆనించి చూపుడు వేలితో అంచును మీటాలి. ఒకే పాఠాన్ని మొదట విలంబంలో, పిదప రెట్టింపు, నాలుగింతల వేగాలలో వాయిస్తారు. తాళం కదలదు, అక్షరాలే దగ్గరవుతాయి. పురందరదాసు కూర్చినవని సంప్రదాయం చెప్పే సరళీ, జంట వరుసలలోనూ ఇదే పద్ధతి. ఆ దాసపరంపరకు చెందిన విజయదాసు 1755లో తనువు చాలించిన చిప్పగిరి పశ్చిమ కర్నూలులోనిదే కనుక, ఈ ప్రాంతం అటువంటి సాధనకు దూరంగా ఉన్నదనడానికి వీలులేదు.

తప్పెటకు వ్రాసిన పాఠం లేదు. అక్కడ వాద్యమే పత్రం. ఎడమచేయి చట్రాన్ని మోస్తూనే సన్నని పుల్లను ఆడించాలి. అందుచేత ఆ పని మణికట్టుది కాదు, వేళ్లది. కుడిచేతి పొట్టి పుల్ల ప్రధానమైన దెబ్బను వేస్తుంది. కుడిచేతి దెబ్బ నిలకడ కుదరకముందే ఎడమచేతి నింపుళ్లకు పోతే రెండూ చెడతాయి. నిలబడి మోయడం, ఒంటిదెబ్బ, నింపుడు, నడక, ఆపై వేగం అనే వరుసను వాద్యనిర్మాణమే శాసిస్తున్నది. తోలు చల్లబడి సడలినప్పుడల్లా మంట దగ్గర కాచవలసి రావడం వల్ల అభ్యాసం విడతలుగా సాగుతుంది. చేతికి విశ్రాంతి అప్పుడే. డోలులో కుడిచేతికి కర్ర, ఎడమచేతికి అరచేయి. పైగా నడుముకు కట్టుకొని ఆడుతూ వాయించాలి గనుక అక్కడ సాధన కాళ్లతోనే మొదలు కావాలి.

ఈ విద్యను ప్రధానంగా మోసినవారు మాదిగలు. చావుకు, చాటింపుకు తప్పెట వెట్టిగా మారినచోట నేర్పు గుర్తింపుకు నోచుకోలేదు, కులధర్మంగా మాత్రమే లెక్కకు వచ్చింది. మృదంగం విషయంలో సాధన అనిపించుకున్నదే ఇక్కడ అలవాటు అనిపించుకున్నది.

అభ్యాసకాలాన్ని నిర్ణయించేది పండుగే. పీర్ల పండుగ చాంద్రమానాన్ని బట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2008లో అది జనవరిలో వచ్చింది, 2025లో జూలైలో. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల కూలీలు ఖరీఫ్ ముగిశాక పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి తరలిపోతారు, తరచు పిల్లలతో సహా. పండుగ శీతకాలంలో పడిన సంవత్సరాలలో పెద్దచేతి పక్కన నిలబడవలసిన చిన్నచేయి మిరపతోటలో ఉంటుంది. పండుగ వానాకాలానికి చేరినప్పుడు ఆ చేయి ఊళ్లోనే ఉంటుంది. ఈ ప్రాంతపు తప్పెట వాదకుల తరాలను పరిశీలించేవారు గురువు పేరుతో పాటు, నేర్చుకున్న ఏడాది పీర్లు ఏ నెలలో లేచాయో కూడా అడగాలి.