తగిలిందా, తగల్లేదా?

2002 సెప్టెంబర్ 16, సోమవారం రాత్రి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరం. సెయింట్ ఆండ్రూస్ మైదానం హోరెత్తిపోతోంది. ఒకే ఊరి రెండు ఫుట్‌బాల్ జట్లు, బర్మింగ్‌హామ్ సిటీ, ఆస్టన్ విల్లా, అగ్రశ్రేణి లీగ్‌లో ముఖాముఖి తలపడి 16 ఏళ్లు దాటింది. క్లింటన్ మారిసన్ గోల్‌తో సిటీ 1-0తో ముందుంది.

77వ నిమిషం. బంతి గీత దాటింది. త్రో విల్లాది. స్వీడన్ డిఫెండర్ ఓలోఫ్ మెల్‌బెర్గ్ బంతి అందుకున్నాడు.

త్రో వేసేటప్పుడు ఆటగాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు. రిఫరీకి ఆ వెసులుబాటు లేదు. రెండు చేతులతో పట్టాడా? తల వెనక నుంచి తెచ్చి, తల మీదుగా వదిలాడా? రెండు పాదాలూ గీత మీదో, గీత బయటో నేలకు ఆని ఉన్నాయా? బంతి బయటికెళ్లిన చోటే నిలబడ్డాడా? ఏ ఒక్కటి తప్పినా త్రో అవతలి జట్టుకు పోతుంది. లండన్ హాక్నీ మార్షెస్ లాంటి చోట్ల ఆదివారం సరదాగా ఆడుకునే జట్ల మధ్య కూడా ‘కాలు లేచింది’ అన్న కేక తరచూ వినిపించేదే.

మెల్‌బెర్గ్ కాలు లేవలేదు. చేతులు తప్పలేదు. వెనక్కి తిరిగి, తమ గోల్‌కీపర్ పీటర్ ఎంకెల్మన్‌కు బంతి విసిరాడు. సొంతవాళ్ల త్రో నేరుగా వస్తే గోలీ దాన్ని చేత్తో ముట్టకూడదు. అందుకే ఎంకెల్మన్ కాలితో ఆపబోయాడు. బంతి అతని బూటు కిందుగా జారిపోయింది. మెల్లగా, చాలా మెల్లగా, దొర్లుకుంటూ గోల్‌లోకి వెళ్లింది.

స్టేడియం పేలింది. కానీ నిబంధన ఒకటుంది. త్రో నుంచి నేరుగా గోల్ రాదు. సొంత గోల్‌లోకే వెళితే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్, అంతే. బూటు అంచుకు బంతి వెంట్రుకవాసి తగిలినా మాత్రం అది గోలే.

రిఫరీ డేవిడ్ ఎలెరే. విజిల్ ఆయనకు పూర్తికాలం కొలువు కాదు. హారో స్కూల్లో పాఠాలు చెప్పే మాస్టారు. ప్రీమియర్ లీగ్‌లోకి వీడియో రిఫరీలు రావడానికి ఇంకా 17 ఏళ్లుంది. పార్కులో ఒంటరిగా విజిల్ ఊదే రిఫరీకి ఉన్నవే ఆ క్షణాన ఆయనకూ ఉన్నాయి: రెండు కళ్లు, కొన్ని క్షణాల వ్యవధి. గోల్ ఇచ్చేశారు.

సిటీ అభిమాని ఒకడు మైదానంలోకి దూసుకొచ్చి ఎంకెల్మన్ ముఖం మీదికే వెళ్లి వెక్కిరించాడు. చూస్తేనే కడుపు తరుక్కుపోయే దృశ్యమది. కాసేపటికి జెఫ్ హార్స్‌ఫీల్డ్ మూడోది కొట్టాడు. 3-0.

బంతి తనకు తగల్లేదని ఎంకెల్మన్ తర్వాత చెప్పాడు. రీప్లేలు ఎన్నిసార్లు వేసినా అందరినీ ఒప్పించే జవాబు దొరకలేదు. నాకు మాత్రం ఒకటే అనిపిస్తుంది. ఆ క్షణంలో ఎంకెల్మన్ తప్పు చేసినవాడిలా కుంగిపోకుండా, తొణక్కుండా కార్నర్ వైపు చెయ్యి చూపి ఉంటే, ఎలెరే ఇంకోసారి ఆలోచించేవారేమో. రిఫరీ చూసేది పాదాన్ని ఒక్కదాన్నే కాదు, మనిషినీ చూస్తాడు.

స్కోరు పట్టీలో ఆ గోల్ మెల్‌బెర్గ్ పేరున లేదు. 77వ నిమిషం, ఎంకెల్మన్, సొంత గోల్.