పురి తిరిగిన కాడ, నడిచే సింహం

సోలాపూర్ భవానీ పేటలో మరమగ్గాల చప్పుడు చెవికంటే ముందు కాళ్లకు తెలుస్తుంది. ఇరుకు సందు. అరుగు మీద ఒకామె ఒళ్లో చేట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. పలకరింపు తెలుగులో, పిల్లాడికి పెట్టే చీవాట్లు మరాఠీలో. మీ జేబులో పుణె జూనా బజార్లో కొన్న చెంచా ఉంది. కాడ మెలికలు తిరిగింది, కొసన బుల్లి గాలిమర. "డచ్చి కంపెనీది, మచిలీపట్నం నుంచి వచ్చింది" అని అమ్మినవాడు కథ కూడా తోడిచ్చాడు.

దాన్ని చూపిద్దామని వెళ్లిన అవుసలాయన కొట్టులో మీకంటే ముందే ఒక పద్మశాలి తాత కూర్చుని కబుర్లాడుతున్నాడు. చెంచా ఆయన చేతికే వెళ్లింది. "గా పురి జూడు! దారం లెక్కనే తిప్పిండు."

అవుసలాయనకు పురితో పని లేదు. గీటురాయి మీద రాసి, ఆసిడ్ చుక్క వేసి, రంగు చూశాడు. "ఎండే బిడ్డా. గానీ మన పట్టీల ఎండి కాదు. ఎనభై, ఎనభై అయిదు టంచ్ నడుమ ఉంటది."

ఇప్పుడు కాడ వెనక్కి తిప్పండి. ఆయన భూతద్దం అందిస్తాడు. గింజంత ముద్రలు నాలుగు: కింద 2 అంకెతో నడుస్తున్న సింహం, శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ తల, ఒక అక్షరం, చేసినవాడి గుర్తు. ఆ సింహం నెదర్లాండ్స్ రెండో తరగతి వెండి, వెయ్యికి 833 పాళ్లు. రాయి మీద గీత చెప్పింది సరిపోయింది. ఒకటో తరగతి 934, దానికి సింహం నడవదు, నిలబడుతుంది. 1953లో ఆ లెక్కలు 835, 925 అయ్యాయి. మన బీఐఎస్ వెండి తరగతుల్లోనూ 835 ఉందన్నది చాలామంది గమనించరు. స్త్రీ తల మినర్వా దేవతది, పరీక్ష కార్యాలయం ముద్ర. విడిగా ఉన్న అక్షరం ఏడాదిని చెబుతుంది. ఏ ఏడాదో తేలాలంటే అక్షరాల పట్టిక దగ్గరుండాలి.

ఇక మచిలీపట్నం సంగతి. కథలో కొంత నిజముంది. 1605లో డచ్చివాళ్లు అక్కడ దిగారు. తెలుగు నేతగాళ్ల బట్టకు బదులుగా వాళ్లు ఓడల్లో తెచ్చినవాటిలో బంగారం, వెండి ముఖ్యం. తాత వంటివాళ్ల పూర్వీకుల నేతకే ఆ వెండి వచ్చిందని చెబితే ఈ పేటలో ఎవరి మనసు పొంగదు? అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. కానీ ఆ డచ్చి ఈస్టిండియా కంపెనీ 1799 డిసెంబరు 31తో ముగిసింది. సింహం, అంకె, మినర్వా కలిసిన ఈ పద్ధతి 1814లో మొదలైంది. కంపెనీ పోయాక పుట్టిన ముద్ర కంపెనీ చెంచా మీద ఎలా ఉంటుంది?

"అయితే నకిలీనా?" తాత ముఖం చిన్నబోయింది.

నకిలీ కాదు, అసలైన డచ్చి వెండే. వయసు గురించి చెప్పినదే అబద్ధం. పాత తీరు చెంచాలకు పందొమ్మిదో శతాబ్దం చివర్లో గిరాకీ పెరిగింది. గాలిమరలు, ఓడలు, మెలికల కాడలు అప్పుడు విరివిగా తయారయ్యాయి. కొన్నిటి మీద పాత ఊళ్ల ముద్రల్ని పోలినవీ కొట్టారు. జర్మనీలోని హనావ్‌లోనూ ఆ పని జరిగింది. అందుకే ఇలాంటి చెంచాల మీద చెక్కిన సంవత్సరాన్ని నేను చివరికి గానీ చూడను. ముందు ముద్రలు, తర్వాత అరుగుదల. నిజంగా తిండికి వాడిన చెంచా కొన ఒకవైపు అరుగుతుంది. మీ చెంచా కొన చుట్టూ ఒకేలా ఉంది. నోట్లోకి కాదు, అద్దాల బీరువాలోకి వెళ్లిన సరుకు.

అవుసలాయన తూకం వేసి కరిగింపు ధర చెప్పాడు. ఇవ్వకండి. గట్టిగా రుద్దించి మెరుగు పెట్టించినా ముద్రలు అరిగిపోతాయి. వెనకవైపు దగ్గరగా ఫొటో తీసి, అక్షరాల పట్టికతో పోల్చి చూశాకే బేరానికి కూర్చోండి.